మైళ్ళ కోసం భూప్రదక్షిణ

నా ఉద్యోగ జీవితంలో నన్ను అందరికంటే ఎక్కువ విసిగించిన పెద్దమనిషి చాలా మర్యాదస్తులు. గొంతు పెంచి ఎరగరు. కుర్చీ ఖాళీగా ఉన్నా "కూర్చోవచ్చాండీ" అని అడిగి కూర్చునేవారు. అరిచేవాళ్ళతో వేగడం తేలిక. మనమూ ఓ మాట అనేసి, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోవచ్చు. మర్యాదగా ప్రాణం తీసేవాళ్ళని ఏమీ అనలేం, ఆ కోపం కడుపులోనే ఉండిపోతుంది. ఇప్పుడు ఫోను మీద వేళ్ళాడించి టికెట్లు కొనుక్కునే పిల్లలకి నా బాధ అర్థమవుతుందో లేదో గానీ, చెప్పకుండా ఉండలేను.

ఏలూరు బస్టాండు దగ్గర మేడ మీద రెండు గదుల ట్రావెల్ ఏజెన్సీ మాది. కౌంటరు నాది. రోజూ భీమడోలు నుంచి పాసింజరు బండిలో చేపల గంపల పక్కన నిలబడి వచ్చేదాన్ని. మా దగ్గరకు ఎక్కువగా కువైట్‌కి పనికి వెళ్ళే ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళ తరవాత కొల్లేరు చేపల చెరువుల రైతులు. మేత కంపెనీలు బాంకాక్ తీసుకెళ్తామంటే హడావిడిగా పరుగెత్తుకొచ్చేవారు. అంతకుమించి లోకం మా మెట్లు ఎక్కేది కాదు. సీట్లు చూసే కంప్యూటరు కూడా మా దగ్గర లేదు. హైదరాబాదులో ఓ పెద్ద ఏజెన్సీకి ఫోను చేస్తే, అక్కడ ఒకమ్మాయి తెర మీద చూసి చెప్పేది. ఆ అమ్మాయిని నేను ఏనాడూ చూడలేదు గానీ, మా చెల్లెలి గొంతుకన్నా ఆమె గొంతే నాకు ఎక్కువ తెలుసు.

బేగంపేట నుంచి విమానాలు ఎగిరే రోజులవి. వేసవి ఇంకా ముదరలేదు. తాడేపల్లిగూడెం నుంచి ఒక రైస్‌మిల్లు ఆయన మెట్లెక్కి వచ్చి, అనుమతి అడిగి కూర్చుని, "ఏవండీ, ప్రపంచం చుట్టూ తిరిగొచ్చే టికెట్టు ఒకటే ఉంటుందటండీ, నిజమేనాండీ?" అన్నారు.

నాకు తెలియదు. హైదరాబాదు అమ్మాయికి తెలుసు. కొన్ని విమాన కంపెనీలు జట్టు కట్టి అలాంటి టికెట్టు అమ్ముతాయట. తూర్పు దిక్కుగా బయలుదేరితే తూర్పుకే పోవాలి, పడమరైతే పడమరకే. కాస్త అటూ ఇటూ అయినా, దాటిన సముద్రం వెనక్కి దాటకూడదు. రెండు మహాసముద్రాలూ దాటి బయలుదేరిన చోటికే చేరాలి. మొత్తం మీద ఇన్ని మైళ్ళు మించకూడదని ఒక హద్దు.

మిల్లు ఆయనకి అసలు పని రెండు చోట్లే. టోక్యోలో బియ్యం పాలిష్ పట్టే యంత్రాలు చూడాలి, చికాగోలో గింజల రంగు చూసి వేరుచేసే యంత్రాల ప్రదర్శనకి వెళ్ళాలి. ఆ రెండిటికీ మామూలు టికెట్టు చాలు. కానీ అంతకుముందు సింగపూరు వెళ్ళినప్పుడు విమానంలో ఆయనకి ఒక సభ్యత్వం కార్డు ఇచ్చారు. ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్ళు ఆ కార్డు మీద జమ. సరిపడా జమైతే ఒక టికెట్టు ఉచితం. ఆ ఉచితం టికెట్టు వాళ్ళ ఆవిడకి.

ఆవిడ ఉంగుటూరు హైస్కూల్లో సోషల్ టీచరు. పిల్లలకి అక్షాంశాలూ రేఖాంశాలూ చెబుతూనే ఉద్యోగం గడిచిపోయింది, రిటైర్మెంటు దగ్గర పడింది. లండన్ పక్కన గ్రీన్‌విచ్‌లో సున్నా డిగ్రీల రేఖ నేల మీద గీసి ఉంటుందట. దానికి అటో కాలు, ఇటో కాలు పెట్టి నిలబడాలని ఆవిడ కోరిక. పెళ్ళయిన కొత్తలోనే చెప్పారట. ఆయన తీసుకెళ్తానన్నారు, మంచి రోజు చూసి. ఆ మంచి రోజు ముప్పై ఏళ్ళుగా రాలేదు.

మిల్లుంది, లారీలున్నాయి. "టీచరు గారికి టికెట్టు కొనెయ్యవచ్చు కదండీ" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. "కొన్నది కొన్నదేనండీ. సంపాదించింది వేరు కదండీ" అన్నారు.

అక్కడితో నా సుఖం ముగిసింది. ధాన్యం కొలిచే మనిషి కదా, కుంచం అంచులదాకా నిండాలి. హద్దు ఎంతుంటే అంతా తిరగాలి. సింగపూరు నుంచి తిన్నగా టోక్యో వెళ్తే తక్కువ మైళ్ళు వస్తాయని సిడ్నీ దాకా దిగి, మళ్ళీ టోక్యోకి ఎక్కాలన్నారు. లండన్ నుంచి ఇంటికి రాకుండా జోహానెస్‌బర్గ్ దిగి రావాలన్నారు. సిడ్నీలో మీకేం పనండీ అంటే, పనేం లేదండీ, దూరం కదండీ అన్నారు. హైదరాబాదు అమ్మాయి ఓ రోజు విసిగిపోయి, "అసలు మీ పాసింజరు ఎక్కడికి వెళ్ళాలి మేడమ్?" అని అడిగింది. "ఎక్కడికీ కాదమ్మా, మైళ్ళకి" అన్నాను.

మా ప్రొప్రయిటరు గారు ఈ వ్యవహారంలో తలదూర్చలేదు. ఆయన రైల్వే బుకింగులో చేసి రిటైరైన మనిషి. మిల్లు ఆయన వస్తే లేచి నిలబడి, కాఫీ తెప్పించి, "అంతా అమ్మాయి గారు చూసుకుంటారండీ" అని చెప్పి లోపలి గదిలోకి వెళ్ళి ఫ్యాను వేసుకునేవారు. ఆ అమ్మాయి గారిని నేను. నాకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు.

రూటు కుదిరింది, సీట్లు దొరికాయి అనుకున్నాక అసలు సంగతి బయటపడింది. "సోమవారం, శనివారం తూర్పుకి బయల్దేరనండీ" అన్నారాయన. వారశూల. సోమ, శని వారాలు తూర్పుకి పనికిరావు. శుక్ర, ఆదివారాలు పడమటికి, మంగళ, బుధవారాలు ఉత్తరానికి, గురువారం దక్షిణానికి. భూమి చుట్టూ తూర్పుకే పోయే మనిషికి వారంలో రెండు రోజులు మూతబడ్డాయి. సిడ్నీకి దక్షిణం కూడా కలుస్తుంది, టోక్యోకి ఉత్తరం కలుస్తుంది. "ఆగ్నేయ మూలకి రెండు శూలలూ వర్తిస్తాయాండీ?" అని ఆయన నన్ను అడిగారు. నన్ను! మా ఇంట్లో గోడకి చర్చి క్యాలెండరు తప్ప మరొకటి ఎరగం. ప్రయాణానికి ముందు ఓ ప్రార్థన చేసుకుని బండెక్కడమే మాకు తెలుసు. చివరికి ఆయన టికెట్టు కోసం నేను పంచాంగం కొన్నాను. అది నా సంచిలో చూసిన రోజు మా అమ్మ కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

మొత్తం మళ్ళీ మొదటికొచ్చింది. సీటున్న రోజు శూల, శూల లేని రోజు సీటు లేదు. టోక్యో నుంచి అమెరికాకి దాటేటప్పుడు బయలుదేరిన రోజే మళ్ళీ ఉదయం నుంచి మొదలవుతుంది, దానికేమిటి లెక్క అని ఒకటి. అన్నీ సర్దేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చికాగో నుంచి న్యూయార్క్‌కి శుక్రవారం సాయంత్రం, న్యూయార్క్ నుంచి లండన్‌కి ఆదివారం ఉదయం. రెండూ తూర్పుకి శుభ్రమైన వారాలు. పంచాంగం ఎదురుగా పెట్టుకుని నేనే చూశాను.

టికెట్టు అప్పట్లో కాగితం. ఒక్కో ప్రయాణానికి ఒక్కో ఆకు, అన్నీ కలిపి పుస్తకంలా కుట్టి ఉండేవి. విమానం ఎక్కేటప్పుడు వాళ్ళు ఒక ఆకు చింపుకుంటారు. ఆకులు వరసగానే వాడాలి. మధ్యలో ఒక్కటి వాడకపోతే మిగతావన్నీ చెల్లవు. ఈ మాట నేను ఆయనకి కూర్చోబెట్టి చెప్పాను. నిలబెట్టి చెప్పాను. మెట్ల దాకా వెంట వెళ్ళి మరోసారి చెప్పాను. ప్రతిసారీ ఆయన "అలాగేనండీ" అన్నారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. మా వైపు "అలాగేనండీ" అంటే ఒప్పుకున్నట్టు కాదు. మీరు మాట్లాడటం వినబడిందని మాత్రమే. ఇంతకాలం ఇక్కడే పుట్టి పెరిగిన నాకు అది తెలియక కాదు. ఆ రోజు ఎందుకో నమ్మాను.

ఆయన బయలుదేరారు. సింగపూరు, సిడ్నీ, టోక్యో అన్నీ సవ్యంగా జరిగాయి. నేను పంచాంగాన్ని సొరుగులో పడేసి, హాయిగా కువైట్ టికెట్ల పనిలో పడ్డాను. ఒక సోమవారం ఉదయం మెట్లెక్కి వచ్చేసరికి కౌంటరు ముందు టీచరు గారు కూర్చుని ఉన్నారు. అదే ఆవిడని మొదటిసారి చూడటం. వేసవి సెలవులు కావడంతో తొలి బస్సుకే వచ్చేశారు. చేతిలో జేబురుమాలు నలిపేస్తున్నారు. మా ప్రొప్రయిటరు గారు ఆవిడ ఎదురుగా, ఫ్యాను లేని కుర్చీలో కూర్చున్నారు. ఆ దృశ్యం చూడగానే ఏదో మునిగిందని తెలిసిపోయింది.

జరిగింది ఇదీ. చికాగోలో గురువారం రాత్రి ఆయన ఇంటికి ఫోను చేశారు. మాటల్లో టీచరు గారు, ఇక్కడ శుక్రవారం తెల్లారిందండీ, మీకూ మాకూ దాదాపు సగం రోజు తేడా అని చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. ఎంతైనా టీచరు కదా, భూమి ఎటు తిరుగుతుంది, సూర్యుడు ముందు ఎవరికి కనిపిస్తాడు అన్నీ విడమర్చి చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, మర్నాడు సాయంత్రం తను విమానం ఎక్కే వేళకి తాడేపల్లిగూడెంలో శనివారం సూర్యోదయం అయిపోతుందని లెక్క కట్టారు. తను పుట్టిన ఊరి వారమే తనకి వర్తిస్తుందనుకున్నారు. శనివారం తూర్పుకి కదలకూడదు కనక, శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి న్యూయార్క్ చేరుకున్నారు. అక్కడి నుంచి లండన్ విమానం పట్టుకుంటే సరిపోతుందని.

పాపం, ఆయన తప్పు కూడా కాదు. మన బండి టికెట్టు ఏలూరు నుంచి ఉండి, పనిబడి తాడేపల్లిగూడెంలో ఎక్కామనుకోండి, టీసీ ఓ మాటని ఊరుకుంటాడు. ఆయన జీవితమంతా అలాగే ప్రయాణం చేశారు. ఆదివారం ఉదయం న్యూయార్క్ విమానాశ్రయంలో వాళ్ళు ఆకుల పుస్తకం తిరగేసి, చికాగో ఆకు చింపకుండా ఉండటం చూసి, మీ పేరు మీద ఇక సీటు లేదన్నారు. ఆయన ముందు ఇంటికీ, తరవాత మా ప్రొప్రయిటరు గారింటికీ ఫోను చేసి, ఓ చిన్న ఇబ్బంది వచ్చిందండీ అన్నారట. చిన్న ఇబ్బంది!

"నేనే చెప్పానండీ ఆయనకి" అన్నారు టీచరు గారు. "తరగతిలో పిల్లలకి ఎంత చెప్పినా ఎక్కదు. ఈయనకి ఒక్కసారికే ఎక్కేసింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హైదరాబాదు అమ్మాయికి ఫోను కలిపాను. ఆ పిల్ల నాలుగు చివాట్లు పెట్టింది, పడ్డాను. తరవాత విమాన కంపెనీతో ఎంత పోరాడిందో నాకు తెలుసు. మధ్యాహ్నానికి దారి చూపించింది. చికాగో నుంచి న్యూయార్క్ నేల మీద వచ్చినట్టు రాసుకుని, మిగతా టికెట్టు మళ్ళీ రాసిస్తారు. కానీ సీటు ఒక్కటే ఉంది, ఆ రోజు సోమవారం, అక్కడి ఉదయం విమానంలో. సెలవుల రద్దీ. అది వదిలితే ఇక టికెట్టు లేదు, మైళ్ళూ లేవు. ఎలాగోలా ఇంటికొచ్చే టికెట్టు కొనుక్కోవాలి. వెంటనే చెప్పాలి.

సోమవారం తూర్పుకి. న్యూయార్క్‌లోనూ సోమవారమే, తాడేపల్లిగూడెంలోనూ సోమవారమే. తప్పించుకునే సందు భూగోళం మీద ఎక్కడా లేదు.

ఆయన దిగిన లాడ్జికి ఫోను చేశాను. ఆయన నిద్ర పోలేదు. విషయం చెప్పాను. ఆయన ఎప్పటిలాగే మెత్తగా, "నా వల్ల కాదండీ" అన్నారు.

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. నెలలకి నెలలు నా చేత లోకమంతా వెతికించి, ఒక్క వారం పేరు చెప్పి అంతా నీళ్ళపాలు చేస్తారా? నోటిదాకా వచ్చింది. టీచరు గారు నా మొహం చూసి, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆయన్ని ఏమీ అనకండి" అన్నారు. "వాళ్ళన్నయ్య శనివారం పూట ధాన్యం లారీ వేసుకుని రాజమండ్రి వెళ్ళారు. ఇంట్లో వద్దంటే వినలేదు. తిరిగి రాలేదు. అప్పటికి మా పెళ్ళి కాలేదు. ఆ లారీలో ఈయన కూడా వెళ్ళాల్సింది, కడుపునొప్పని మానేశారు."

ఎవరి భయమైనా బయటినుంచి చూస్తే మూర్ఖంగానే ఉంటుంది. అన్నాళ్ళూ నేను సీట్లు మార్చింది పంచాంగం కోసం అనుకున్నాను. కాదు, రాజమండ్రి రోడ్డు మీద పోయిన మనిషి కోసం. ఆ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత విసుక్కునేదాన్ని కాదేమో. వాళ్ళు చెప్పుకునే రకం కాదు.

టీచరు గారు ఫోను అందుకున్నారు. ఆవిడ లండన్ సంగతి ఎత్తలేదు. మైళ్ళ మాట ఎత్తలేదు. నేను ఊహించినట్టు బతిమాలనూ లేదు.

"ఏవండీ, మన పెద్దవాళ్ళు తిరుగు ప్రయాణానికి వారం చూస్తారా?" అని అడిగారు.

అటునుంచి చూడరన్నట్టున్నారు.

"మరి మీరు వెళ్ళడం ఎప్పుడో అయిపోయిందండీ. భూమి గుండ్రంగా ఉంది కదా. మనింటి నుంచి ఎంత దూరం పోవచ్చో అంతా అమెరికా సగానికి రాకముందే పోయారు. అక్కడినుంచి ఇటు వేసిన ప్రతి అడుగూ ఇంటికే. చికాగోలోనే మీరు తిరుగు ప్రయాణంలో ఉన్నారు. మీరు తూర్పుకి వెళ్ళడం లేదు, ఇంటికి వస్తున్నారు."

లోపల ఫ్యాను ఎవరికీ కాకుండా తిరుగుతోంది.

ఆయన ఏదో అన్నారు. ఆవిడ విన్నారు. "ఎక్కాక ఏమైనా అయితే నేను చెప్పినందుకే అయిందనుకుంటాను. ఆ భారం నాది. మీరు రండి" అన్నారు. ఫోను పెట్టేసి, మంచినీళ్ళు అడిగారు.

ఆయన ఎక్కారు. లండన్‌లో దిగి ఫోను చేసేదాకా టీచరు గారు తాడేపల్లిగూడెంలో ఏం తిన్నారో, తినలేదో నాకు తెలియదు. నేను మాత్రం చిన్న చిన్న మాటలకే అందరి మీదా అరిచాను. ఆయన దిగానని కబురు తెలిశాక మా ప్రొప్రయిటరు గారు స్వీట్లు తెప్పించారు. ఆయన జోహానెస్‌బర్గ్ దాకా దిగి, మళ్ళీ పైకి వచ్చి, ఒంటి మీద గాయం లేకుండా బేగంపేటలో దిగారు. వచ్చాక మా కౌంటరుకి వస్తే సిడ్నీ ఎలా ఉందండీ అని అడిగాను. "ఎయిర్‌పోర్టు బాగుందండీ" అన్నారు. టోక్యోలో మిల్లు యంత్రాలు బాగున్నాయట. లండన్‌లో వాన పడుతుంటే లోపలే కూర్చున్నారట. భూమి చుట్టూ తిరిగొచ్చిన మనిషి చెప్పింది అంతే.

ఇక మైళ్ళు. మీరు నమ్మరు. తిరగరాసి ఇచ్చిన ఆకుల మీద మైళ్ళు రాని తరగతి వేశారు వాళ్ళు. న్యూయార్క్ దగ్గర్నుంచి ఇంటిదాకా, ఆ జోహానెస్‌బర్గ్ పోకడతో సహా, ఒక్క మైలు జమ కాలేదు. ఉచితం టికెట్టుకి చాలలేదు. హైదరాబాదు అమ్మాయి, నేనూ కలిసి ఎన్నిసార్లు అడిగినా, నిబంధనలు ఇంతే అన్నారు. ఆఖరికి ఆ అమ్మాయి, "మేడమ్, ఇక వదిలేద్దాం. నాకు పెళ్ళి కుదిరింది" అంది. ఆ మాట మిల్లు ఆయనకి ఎలా చెప్పాలో తెలియక రెండు వారాలు వాయిదా వేశాను. చెప్పాక ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆయన సెలవు అడక్కుండా వెళ్ళడం అదే మొదలు. పీడ విరగడైందని సంతోషించాల్సినదాన్ని. ఆ రోజు నాకు కాఫీ కూడా సయించలేదు.

టీచరు గారు రిటైరయ్యారు. వానలు ముదిరి, కొల్లేరు నిండి, మా పాసింజరు ఆలస్యంగా నడిచే రోజుల్లో ఇద్దరూ కలిసి వచ్చారు. ఇద్దరూ కలిసి రావడం అదే మొదటిసారి. ఆయన కూర్చోవచ్చా అని అడిగారు. కూర్చున్నాక, లండన్‌కి రెండు టికెట్లు కావాలండీ, వెళ్ళి రావడానికి, అన్నారు. ఎలాంటివి అని అడిగితే, "కొనేవేనండీ" అన్నారు, నా వైపు చూడకుండా.

ఫోను కలిపాను. కొత్తమ్మాయి, ఆ పాతమ్మాయి అంత చురుకు లేదు. శుక్రవారం ఉంది మేడమ్ అంది. అప్పటికి ఆ వారాలు నాకు నోటికి వచ్చేసినట్టున్నాయి. పడమటికి శుక్రవారం వద్దమ్మా, శనివారం చూడు అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. టీచరు గారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం నాకు నమస్కారం పెట్టబోయారు. శనివారం దొరికింది. దానికి పట్టిన సేపు ఇద్దరూ కాఫీ తాగినంత సేపు. ఆ భూప్రదక్షిణకి ఎన్ని నెలలు పట్టిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పేర్లు చెబుతూ, అలవాటు కొద్దీ, "మైళ్ళ కార్డు నంబరు కూడా వెయ్యమంటారాండీ?" అని అడిగాను.

ఆయన చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళింది. టీచరు గారు కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తున్నారు. ఆయన చెయ్యి జేబు మీదే కాసేపు ఉంచి, ఖాళీగా తీసేశారు.

"వద్దండీ" అన్నారు. "ఈసారి చూడ్డానికి వెళ్తున్నామండీ."